గండి ఎక్కడ?

చేనికి నీరందనప్పుడు అనంతపురము జిల్లా రైతు ఆకాశము వంక చూచుచు కూర్చుండడు. పార భుజమున వేసికొని కాలువ వెంబడి ఎదురు నడచును. మడి నుండి పిల్లకాలువకు, పిల్లకాలువ నుండి తూమునకు, తూము నుండి చెరువుకట్టకు పోవును. ఎచ్చట నేల చెమ్మగిలి యున్నదో, ఎచ్చట గట్టు జారినదో, ఎచ్చట ఎలుక బొక్క చేసినదో అడుగడుగునకు చూచును. గండి కనబడిన పిమ్మట దానిని పూడ్చుట గడియసేపటి పని. కనుగొనుటయే అసలు పని. ఈ విద్యను ఏ పాఠశాలయు నేర్పలేదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు నేలపై తరతరముల అవసరము నేర్పిన విద్య యిది.

ఇప్పుడు ఆ సీమలోని ఇండ్లకు మరియొక కాలువ వచ్చినది. అది వెలుతురు కాలువ. అనంతపురము నగరమునకు దక్షిణమున, హైదరాబాదు నుండి బెంగళూరునకు పోవు జాతీయ రహదారిపై నున్న రాప్తాడు వంటి మండల కేంద్రములలో కరెంటు స్తంభముల మీదుగా సాగివచ్చిన సన్నని నల్లని తీగ కిటికీ సందున ఇంటిలోనికి దిగి, గోడకు తగిలించిన ఒక చిన్న పెట్టెలో ముగియును. ఆ పెట్టెపై పచ్చలైటు నిలుకడగా వెలుగుచున్నంతసేపు లోకమంతయు ఆ గదిలో నున్నట్లే. అది ఆరి ఎర్రలైటు మిణుకుమన్నదా, పాఠము నడుమ నాగును. దరఖాస్తు సగములో నిలిచిపోవును. దూరదేశమున నున్న బిడ్డ ముఖము తెరపై కదలక బిగిసిపోవును.

"ఏమప్పా, మళ్లా పోయిందా?"

"పోయింది సార్. ఎర్ర లైటు మినుకుతాంది."

"ఆపి మళ్లా ఏసి చూడు."

ఈ సంభాషణ నేడు వీధి వీధిని వినబడుచున్నది. ఆపి మరల వేసినచో తీగ కలియవచ్చును. కాని వ్యాధి కుదిరినట్లు కాదు. పొంగు పాలపై నీళ్లు చిలకరించినట్లు ఆ క్షణమునకు శాంతించును. అడుగున మంట అట్లే యుండును. గంటకో, పూటకో మరల పొంగును. గండి ఎక్కడ పడినది, ఎప్పుడెప్పుడు పడుచున్నది అను రెండు ప్రశ్నలకు సమాధానము దొరకిన గాని మరమ్మతు మొదలు కాదు.

తెగిన తీగ, పోయిన మాట

ఇది కేవలము సౌకర్యమునకు సంబంధించిన విషయమైనచో ఇంత చర్చ అనవసరము. 2020 మార్చిలో కరోనా మహమ్మారి మూలమున పాఠశాలలు మూతపడినప్పుడు చదువు తరగతి గదిని విడిచి దూరదర్శనము తెరకును, చేతిఫోనునకును తరలిపోయెను. పాఠశాలలు మరల తెరవబడినను, చదువునకు సంబంధించిన ఎన్నో పనులు ఆ తీగపైననే నిలిచిపోయినవి. ఏపీ ఈఏపీసెట్ వ్రాసిన విద్యార్థి తాను కోరు కళాశాలలను ఇంటర్నెట్టు ద్వారానే ఎంచుకొనవలెను. దానికొక గడువుండును. గడువు దాటినచో చదివిన చదువు తగ్గకపోయినను, చేరవలసిన చోటు చేజారును.

ఇంతకంటె సూక్ష్మమైన నష్టము మరియొకటి కలదు. ఇంటినుండి పాఠము వినుచున్న బాలిక తీగ తెగి మూడుమారులు మాయమైనచో ఉపాధ్యాయునకు అనుమానము కలుగుట సహజము. "నెట్టు పోయింది సార్" అను మాట మొదటి దినమున కారణముగా వినబడును. రెండవ దినమున సాకుగా వినబడును. మూడవ దినమున ఎవరును వినరు. ఫిర్యాదు తీసికొను కార్యాలయమునందును ఆ మాటకు ఇదే గతి. తీగవారు పెట్టెను నిందింతురు. పెట్టె అమ్మినవారు ఫోనును నిందింతురు. ఫోనువారు తీగను నిందింతురు. అందరును శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాత్రము మాయము. తీగతో పాటు విద్యార్థి మాటకున్న విలువ కూడ తెగుచున్నది. దానిని తిరిగి కలుపుటకు మార్గమున్నది. అది తెలియుటకు ముందు ఈ వెలుతురు కాలువ ఎట్లు పారునో కొంత తెలిసికొనవలెను.

కాలువ వచ్చిన దారి

గాజుపోగులో కాంతిని దూరప్రాంతములకు పంపవచ్చునన్న ఆలోచన నిలబడుటకు కారణము కూడ ఒక గండి అన్వేషణయే. 1960 ప్రాంతమున నున్న గాజుపోగులలో ప్రవేశించిన కాంతి 20 మీటర్లు పోవునప్పటికి నూటికి ఒక వంతు మాత్రమే మిగులుచుండెను. గాజు స్వభావమే అంతయని పలువురు విడిచిపెట్టిరి. ఇంగ్లండులోని ఒక ప్రయోగశాలలో పనిచేయుచున్న చార్లెస్ కావో, జార్జి హాకమ్ అనువారు విడువలేదు. కాంతి ఎచ్చట నష్టమగుచున్నదని వెదకిరి. తప్పు గాజుది కాదనియు, అందు కలిసియున్న ఇనుము మొదలైన మాలిన్యములదనియు 1966లో ప్రకటించిరి. నాలుగేండ్లకు, 1970లో, అమెరికాలోని కార్నింగ్ సంస్థవారు తగినంత శుద్ధమైన పోగును తీయగలిగిరి. నేటి పోగులో కిలోమీటరు దూరము పోయిన పిమ్మట కూడ నూటికి 95 వంతుల కాంతి మిగిలియుండును. కావోకు 2009లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

ఆంధ్రప్రదేశమున ఈ పోగును పల్లెలకు చేర్చుటకు ప్రభుత్వము ఏపీ ఫైబర్‌నెట్ సంస్థను నెలకొల్పినది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ఆ పథకమును జాతికి అంకితము చేసిరి. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడును ఒకే తీగపై నిచ్చుట నాటి ప్రారంభ పథకము. భూమి త్రవ్వి పూడ్చుటకు బదులు చాలవరకు ఉన్న కరెంటు స్తంభముల మీదనే పోగును లాగిరి. అందువలన పని త్వరగాను, చౌకగాను జరిగినది. స్తంభముపై నున్న ఏ తీగకైనను, అది ఏ సంస్థవారిదైనను, ఎండ, గాలి, చెట్టుకొమ్మ, వరిగడ్డి మోపులెత్తి వచ్చు లారీ తప్పని చుట్టములు.

పంపిణీ పద్ధతియు చెరువు క్రింది ఆయకట్టు వంటిదే. ఆపరేటరు కేంద్రమునుండి బయలుదేరిన ఒక పోగు నడుమ స్ప్లిట్టరు అను చిన్న సాధనముచే పలు శాఖలగును. ఒకటి ముప్పదిరెండుగా చీలుట సాధారణము. రెండుగా చీలిన ప్రతిసారి వెలుతురు సగమగును. అట్లు ఐదుమారులు సగమై ఇంటికి చేరును. వెలుతురు బలమును డెసిబెల్ లెక్కన కొలుతురు. మూడు డెసిబెల్‌లు తగ్గినచో సగము. పది తగ్గినచో పదవ వంతు. ఇంటి పెట్టె మిక్కిలి సున్నితమైనది. సాధారణముగా మైనస్ 27 వరకు నున్న వెలుతురును చదువగలదు. మైనస్ 20 వచ్చుచున్న ఇంటికి భయము లేదు. మైనస్ 26.5 వచ్చుచున్న ఇల్లు చివరి ఆయకట్టు మడి వంటిది: అంతయు బాగున్న దినమున నీరందును; పైన ఎవరు రవంత తూము బిగించినను ఎండును. అట్టి ఇంటిలో తీగ రోజునకు పదిమారులు తెగుటలో వింత లేదు.

ఎదురు నడక

చేతిలోని ఫోను మడి. గోడనున్న పెట్టె పిల్లకాలువ. వీధి స్తంభముపై నున్న స్ప్లిట్టరు తూము. ఆపరేటరు కేంద్రము చెరువు. రైతు నడచినట్లే మడినుండి చెరువు వంకకు నడువవలెను. నడుమ అంచెలను దాటి ఒక్కసారిగా చెరువును నిందింపరాదు.

మొదటి అడుగు పెట్టె మీది లైట్లను చదువుట. తీగ తెగినప్పుడు లైట్లన్నియు ఆరి మరల ఒక్కొక్కటిగా వెలిగినచో దోషము కరెంటుది. 'లాస్' అని వ్రాసియున్న చోట ఎర్రలైటు మిణుకుమన్నచో బయటినుండి వెలుతురు రావడము లేదని అర్థము. 'పాన్' అను పచ్చలైటు నిలుకడగానే యుండి ఫోను మాత్రము పనిచేయకున్నచో వెలుతురు వచ్చుచున్నది. చిక్కు వేరొకచోట నున్నది. ఈ మూడింటిని వేరు చేయగలిగినవాడు సగము దారి నడచినట్లే.

రెండవ అడుగు కంప్యూటరును వైఫై ద్వారా గాక, చిన్న కేబులుతో నేరుగా పెట్టెకు తగిలించి చూచుట. కేబులుపై నిలిచి, వైఫైలో తెగుచున్నచో గండి ఇంటిలోనిదే. వీధిలోనివారిని పిలువ నవసరము లేదు.

మూడవ అడుగు 'పింగ్' అను చిన్న పరీక్ష. "ఉన్నావా?" అని పిలిచి, "ఉన్నాను" అను బదులు వచ్చుటకు ఎంతసేపు పట్టినదో చూచుట యిది. ముందుగా పెట్టెనే పిలువవలెను. దాని చిరునామా పెట్టె అడుగున అతికించిన చీటీపై నుండును, తరచుగా 192.168.1.1. అది పలికినచో, బయటి లోకమున నుండు 8.8.8.8 వంటి అంకెల చిరునామాను పిలువవలెను. అదియు పలికినచో, ఏదేని వెబ్‌సైటును పేరుతో పిలువవలెను. పెట్టెయే పలుకకున్న దోషము ఇంటిలో. పెట్టె పలికి అంకెల చిరునామా పలుకకున్న దోషము పెట్టెకు ఆవల. అంకెలు పలికి పేరు మాత్రము పలుకకున్నచో పేరును అంకెలుగా మార్చి చెప్పు చిరునామా పుస్తకము, అనగా డీఎన్ఎస్, చెడినదని తెలియును. మూడు పిలుపులతో మూడు హద్దులు తేలును.

ఇంటిలోని గండ్లు

రాయలసీమ పాతయిండ్ల రాతిగోడలు ఎండను ఆపినట్లే వైఫై తరంగములను కూడ ఆపును. వైఫైకి రెండు దారులున్నవి. 2.4 గిగాహెర్ట్జ్ దారి వేగము తక్కువదైనను గోడలను కొంత మేలుగా దాటును. 5 గిగాహెర్ట్జ్ దారి వేగము కలదే గాని గోడ అడ్డమైనచో త్వరగా నీరసించును. పెట్టెను ఇనుప బీరువా వెనుకనో, మూలగదిలోనో దాచి, వెనుకగదిలో పాఠము వినబోవుట చెవిలో దూది పెట్టుకొని హరికథకు పోవుట వంటిది. ఇంటి నడుమ, ఎత్తున, ఎదుట అడ్డము లేనిచోట పెట్టెను నిలుపవలెను. మైక్రోవేవ్ పొయ్యి కూడ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతముననే పనిచేయును. అది నడచునప్పుడే తీగ తెగుచున్నచో కారణము వంటింటిలోనే యున్నది.

ఎండ రెండవ శత్రువు. ఇంటి రౌటర్లలో పెక్కింటికి తయారీదారులు చెప్పు ఉష్ణోగ్రత హద్దు 40 డిగ్రీలు. వైశాఖమాసపు అనంతపురమున ఆ హద్దు నీడపట్టుననే దాటును. అట్టి దినములలో పెట్టెను టెలివిజను వెనుక ఇరికించి, దుమ్ము పడకుండుటకై గుడ్డ కప్పుట దానికి దుప్పటి కప్పి ఎండలో నిలుపుటయే. గాలి తగులుచోట ఉంచినంతనే మధ్యాహ్నపు తెగుళ్లు కొన్ని మాయమగును.

కరెంటు మూడవది. బోరుమోటారు మొదలైన క్షణమున వోల్టేజి క్రుంగి పెట్టె ఒక్క రెప్పపాటు ఆరినను, అది తిరిగి లేచి కేంద్రముతో కలిసికొనుటకు రెండు మూడు నిమిషములు పట్టును. పాతబడిన అడాప్టరు కూడ ఇదే రోగమును తెచ్చును. క్రొత్తది వేయునప్పుడు వోల్టేజి పాతదానికి సరిగా సమానముగా నుండవలెను. ఆంపియరు అంతయో, అంతకు హెచ్చో యుండవలెను. రౌటరుకొరకే అమ్ము చిన్న బ్యాటరీ పెట్టె ఒకటి యున్నచో ఈ చిక్కు తీరును.

ఒక హెచ్చరిక అవసరము. పెట్టె వెనుక సూది దూరునంత రంధ్రములో 'రీసెట్' మీట యుండును. విసుగుతో దానిని నొక్కినచో ఆపరేటరు అమర్చిన వివరములన్నియు చెరిగిపోయి, అంతవరకు అప్పుడప్పుడు తెగుచున్న తీగ పూర్తిగా నిలిచిపోవును.

వీధిలోని గండ్లు

ఎర్రలైటు వెలిగినచో మొదట ఇంటిలోని పోగును కంటితో చూడవలెను. కాంతి గాజుపోగు లోగోడలకు తగిలి వెనుకకు మళ్లుచు ముందుకు సాగును. పోగు మరీ వంగినచో ఆ మళ్లింపు తప్పి కాంతి బయటికి జారును. మేకునకు బిగించి ముడివేసిన తీగ, తలుపు సందున నలిగిన తీగ, బల్లకాలి క్రింద నొక్కుకొన్న తీగ ఇట్లే చెడును. పిడికిలికంటె చిన్న చుట్టలుగా చుట్టకుండుట మేలు.

కాంతి పారు దారి వెడల్పు సుమారు 9 మైక్రానులు. తల వెంట్రుక దానికి ఎన్నో రెట్లు లావు. ఎర్రనేల దుమ్ములో కంటికి కనబడని రేణువొకటి కొనపై కూర్చున్నచో ఆ కాలువకు అడ్డముగా బండ పడినట్లే. కావున ఆ కొనను ఊరక పీకి పెట్టరాదు. ముఖ్యముగా పిల్లలు దాని కొనలోనికి కన్ను పెట్టి చూడరాదు. అందలి కాంతి కంటికి కనబడదు గాని హాని చేయగలదు. శుభ్రపరచుట సాధనములున్న పనివానికే విడువవలెను.

ఇంటిలో దోషము లేనప్పుడు పొరుగువారిని విచారింపవలెను. అదే తీగపై నున్న నాలుగిండ్లును ఒకేమారు ఆగినచో గండి తూమువద్దనో, అంతకు పైననో యున్నది. తక్కినవారికి వచ్చి ఒక ఇంటికి రాకున్నచో స్తంభమునుండి ఆ ఇంటికి వచ్చు తీగనే శంకింపవలెను. పనివాడు వచ్చినప్పుడు "వెలుతురు ఎంత వచ్చుచున్నది?" అని అడిగి ఆ అంకెను వ్రాసికొనవలెను. మరమ్మతునకు ముందొక అంకె, తరువాత నొక అంకె. ఆ రెంటి భేదమే జరిగిన పనికి కొలబద్ద.

వేళ చెప్పు సాక్ష్యము

చోటు తెలియనప్పుడు వేళ చెప్పును. వేల్స్ దేశమున అబెర్హోసన్ అను పల్లెలో ఏడాదిన్నరపాటు ప్రతిదినము ఉదయము 7 గంటలకు ఊరంతటికి ఇంటర్నెట్టు దెబ్బతినుచుండెను. అచ్చటివి రాగితీగలు. ఇంజనీర్లు తీగలను మార్చిరి, ఫలము లేదు. తుదకొక దినమున తెల్లవారుజామున 6 గంటలకే, జోరువానలో, విద్యుత్తరంగములను పసిగట్టు పరికరముతో వీధులవెంట నడచిరి. సరిగా ఏడింటికి ఒక ఇంటినుండి పెద్ద విద్యుత్ అలజడి పుట్టినది. ఆ ఇంటివారు ప్రతిదినము ఆ వేళకు ఒక పాత టెలివిజనును పెట్టుచుండిరి! దానిని ఆపినంతనే ఊరి కష్టము తీరినది. 2020లో బయటపడిన సంగతి యిది. ఏడాదిన్నర తీగలలో దొరకని దోషము గడియారములో దొరకినది.

రాప్తాడు వీధికైనను ఇదే న్యాయము. మోటారు వేసినప్పుడే తెగినచో వోల్టేజి. మధ్యాహ్నమున మాత్రమే తెగినచో వేడిమి. గాలి వీచినప్పుడెల్ల తెగి, గాలి నిలిచినప్పుడు కలిసినచో స్తంభముపై వదులైన అతుకు. వాన వెలిసిన తరువాత తెగినచో అతుకుపెట్టెలో చేరిన నీరు. ప్రతిదినము సరిగా ఒకే వ్యవధికి తెగి వెంటనే కలిసినచో కేంద్రముననో, పెట్టెలోనో ఏర్పరచిన కాలపరిమితి. రాత్రి ఎనిమిది మొదలు పది వరకు తెగక కేవలము నెమ్మదించినచో అది గండియే కాదు. ఒకే కాలువపై అందరును ఒకేమారు మడులు తడుపుకొనుట.

రెండు రూపాయల కాగితము

ఇందుకు కావలసిన గొప్ప పరికరము ఒక నోటుపుస్తకము. తేది, తెగిన వేళ, కలిసిన వేళ, వెలిగిన లైటు, ఆనాటి గాలివాన, అప్పుడు ఇంటిలో నడచుచున్న యంత్రము అని ఆరు గళ్లు గీసి, వారము దినములు నింపిన చాలును. మార్పు చేయునప్పుడు ఒకమారు ఒక్కటే చేయవలెను. పెట్టెను జరిపి, అడాప్టరు మార్చి, తీగను సర్ది, అన్నియు ఒకే దినమున చేసినచో బాగుపడినను ఎందువలన బాగుపడినదో తెలియదు. మరల చెడినప్పుడు మొదటికే రావలెను.

ఇది విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయునకు తరగతిలో చేయించదగిన ప్రయోగము కూడ. పది ఇండ్ల పుస్తకములను ఒకచోట చేర్చి, గంటలను అడ్డముగాను, తెగిన మారులను నిలువుగాను గీసిన పటము, పరిశీలన యనగా నేమో ఏ నిర్వచనముకంటెను మేలుగా బోధించును. ఇండ్లను వీధి పటముపై గుర్తించినచో ఏ స్తంభము వద్ద దోషమున్నదో పిల్లలే చెప్పగలరు.

ఆ పుస్తకమునకు కార్యాలయమునందును విలువ కలదు. ఫిర్యాదు చేసినప్పుడు దాని నమోదుసంఖ్యను తప్పక తీసికొనవలెను. సమాధానము తృప్తికరముగా లేకున్నచో అదే సంస్థలోని అప్పీలు అధికారికి విన్నవించుకొను ఏర్పాటును ట్రాయ్ సంస్థ 2012 నిబంధనలలో కల్పించినది. నమోదుసంఖ్య, వారము దినముల పట్టిక, పనివాడు చెప్పిన వెలుతురు అంకె, ఈ మూడును జతపరచిన విన్నపమును "ఆపి మరల వేయండి" అను ఒక్క మాటతో త్రిప్పిపంపుట కష్టము.

"నెట్టు పోయింది సార్" అన్నది ఒక మొర. "మంగళవారము సాయంకాలము 5-40కి గాలి లేచినది, ఎర్రలైటు, ఏడు నిమిషములు, ఎదురింటిలోను అంతే" అన్నది సాక్ష్యము. మొదటిది చెప్పిన బాలికను ఎవరైనను శంకింపవచ్చును. రెండవది వ్రాసికొని వచ్చిన బాలిక కాలువ వెంబడి నడచి, గండి చూచి వచ్చినది. ఆమె మాటను ఉపాధ్యాయుడు నమ్మును. కార్యాలయము వినక తప్పదు. స్తంభమెక్కవలసినవాడు ఏ స్తంభ మెక్కవలెనో తెలిసికొని వచ్చును.